ఖరగ్‌పూర్ జంక్షన్: ఒక స్టేషన్ చరిత్రలో ఆధునిక భారతదేశం

"భారతదేశంలో రైల్వేల ప్రవేశం, ప్రభావం" అనే ప్రశ్న కనబడగానే మనం అందరం దాదాపు ఒకే జవాబు రాస్తాం. 1853 ఏప్రిల్ 16, బోరీ బందర్ నుంచి ఠాణే, 34 కి.మీ., డల్హౌసీ, హామీ పద్ధతి, సంపద తరలింపు, ఆ తర్వాత జాతీయ భావన పెరగడం. ఇందులో తప్పు లేదు. కానీ పేపరు దిద్దే వారు అదే రోజు ఇవే వాక్యాలను ఇంకో వంద పేపర్లలో చదివి ఉంటారు. మార్కులు తేడా వచ్చేది ఉదాహరణ దగ్గర. అందుకని ఈసారి రైల్వేల గురించి మొత్తంగా కాకుండా ఒకే ఒక్క స్టేషన్ తీసుకుందాం. అది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. జనాభా రెండు లక్షలకు కొంచెం పైన ఉన్న ఊరు. కరువులు, కంపెనీ పాలన, విప్లవకారులు, కార్మిక సంఘాలు, ఐఐటీ, ఇటీవలి రైలు ప్రమాదాల దాకా మన సిలబస్‌లో సగం ఈ స్టేషన్ మీదుగానే వెళ్తుంది. మన తెలుగువాళ్లకు దీనితో ఉన్న సంబంధం కూడా చిన్నది కాదు. ఆ సంగతి దారిలో వస్తుంది.

ముందు మ్యాపు తెరవండి. కోల్‌కతాకు పడమరగా, హౌరా నుంచి సుమారు 115 కి.మీ. దూరంలో, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఖరగ్‌పూర్ కనిపిస్తుంది. అక్కడి నుంచి నాలుగు వైపులా గీతలు గీయండి. తూర్పున హౌరా. పడమర టాటానగర్, బిలాస్‌పూర్, నాగ్‌పూర్ మీదుగా ముంబై. దక్షిణాన బాలాసోర్, కటక్, విశాఖపట్నం మీదుగా చెన్నై. ఉత్తరాన కంసావతి నది దాటి మేదినీపూర్, బాంకురా, ఆద్రా మీదుగా బొగ్గు గనుల ప్రాంతం. దేశంలో ఓడరేవు, బొగ్గు, ఇనుము, వరి నాలుగూ ఒకే కూడలిలో కలిసే చోట్లు ఎక్కువ లేవు. ఊరి పేరు ఇందా ప్రాంతంలోని ఖడ్గేశ్వర శివాలయం నుంచి వచ్చిందని స్థానికులు అంటారు. రైలు రాకముందు ఇది పేరున్న పట్నం కాదు. జిల్లా కేంద్రం మేదినీపూర్ నది అవతల ఉండేది, ఇప్పటికీ ఉంది. ఊరు ఉండబట్టి స్టేషన్ రాలేదు, స్టేషన్ రాబట్టి ఊరు వచ్చింది.

ఈ లైన్లు ఎందుకు వేశారు?

సాధారణంగా మనం మూడు కారణాలు రాస్తాం: సైన్యం తరలింపు, ముడిసరుకు, మార్కెట్. ఖరగ్‌పూర్ విషయంలో నాలుగోది కూడా ఉంది, దాన్ని వదిలేయవద్దు. అది కరువు.

1866లో ఒరిస్సాలో వచ్చిన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. అంటే ఆ ప్రాంత జనాభాలో దాదాపు మూడో వంతు. అప్పుడు ఒరిస్సా బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ కింద ఉండేది. ధాన్యం కొరత ఉందని ఒప్పుకోవడానికే ప్రభుత్వం నెలల తరబడి ఆలస్యం చేసింది. తీరా బియ్యం తెప్పించే సమయానికి రుతుపవనాలు వచ్చాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉండటంతో ఓడల నుంచి సరుకు దించడం సాధ్యం కాలేదు, బురదలో బండ్లు కదలలేదు. తిండి ఉండి కూడా అది చేరలేక మనుషులు పోయారు. దాదాభాయ్ నౌరోజీ బ్రిటిష్ పాలనపై రాసిన విమర్శల్లో ఈ కరువు పదే పదే వస్తుంది. తర్వాత 1876–78 మహా కరువు, దాని వెంట 1880 కరువు కమిషన్ నివేదిక. కరువు నుంచి కాపాడటానికి రైలు మార్గాలు వేయాలన్న వాదనకు ఆ నివేదిక బలం ఇచ్చింది. నాగ్‌పూర్ నుంచి ఛత్తీస్‌గఢ్ వైపు మీటర్ గేజ్ లైను వేయడానికి నేపథ్యం కూడా ఆ కాలపు కరువే.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ (మనం దీన్ని ఇక బీఎన్‌ఆర్ అందాం) ఆ మీటర్ గేజ్ లైనును తీసుకుని బ్రాడ్ గేజ్‌గా మార్చి, తూర్పుకు పొడిగించింది. 1891కి నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ దాకా దారి సిద్ధమైంది. బొంబాయి, కలకత్తాల మధ్య అంతకుముందు ఉన్న దారి అలహాబాద్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేది. నాగ్‌పూర్ దారి దానికంటే దగ్గర. ఈ రోజు హౌరా నుంచి నాగ్‌పూర్ మీదుగా ముంబై 1,968 కి.మీ.

అయితే అసన్‌సోల్ నుంచి కలకత్తా చేరాలంటే పోటీ కంపెనీ ఈస్ట్ ఇండియన్ రైల్వే పట్టాల మీద ఆధారపడాలి. బీఎన్‌ఆర్‌కు సొంతంగా హౌరా చేరే దారి కావాలి. ఆ అవసరం నుంచే సీనీ దగ్గర మొదలై ఖరగ్‌పూర్ మీదుగా హౌరాకు వెళ్లే లైను వచ్చింది. 1898, 1899లలో ఖరగ్‌పూర్‌కు పడమర, దక్షిణ లైన్లు కలిశాయి. కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి 1900లో హౌరాతో నేరుగా సంబంధం ఏర్పడింది. మేదినీపూర్ వైపు లైను ఆ వెంటనే, కొత్త శతాబ్దం మొదటి ఏళ్లలో వచ్చింది. అంటే ఐదారేళ్లలో ఏమీ లేని మైదానం నాలుగు దారుల కూడలి అయింది.

ఇక్కడ మనకు నేరుగా సంబంధించిన విషయం ఒకటి. విజయవాడ నుంచి కటక్ దాకా లైను వేసింది ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే. 1893–96 మధ్య అది పూర్తయింది. పేరులోనే ఉన్నట్టు అది ప్రభుత్వ రైల్వే. కానీ కొద్ది ఏళ్లకే దాన్ని రెండు ముక్కలు చేసి కంపెనీలకు అప్పగించారు. వాల్తేరు నుంచి దక్షిణ భాగం 1901లో మద్రాసు రైల్వేకు వెళ్లింది. వాల్తేరు నుంచి కటక్ దాకా, పూరీ శాఖతో సహా, 1902లో బీఎన్‌ఆర్‌లో కలిసింది. ఆనాడు వాల్తేరు దగ్గర గీసిన ఆ గీత ఎంత కాలం నిలిచిందో చూడండి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా విశాఖపట్నం ఆగ్నేయ రైల్వేలో, 2003 తర్వాత భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వేలో ఉంటూ వచ్చింది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను కేంద్రం ప్రకటించింది 2019 ఫిబ్రవరిలో. జోన్ డిమాండ్ గురించి ఎప్పుడైనా రాయవలసి వస్తే 1902 నుంచి మొదలుపెట్టండి, జవాబు బరువు వేరుగా ఉంటుంది.

హామీ పద్ధతి గురించి ఒక్క మాట. మొదటి తరం కంపెనీలకు పెట్టుబడిపై దాదాపు 5 శాతం వడ్డీని భారత ఖజానా నుంచి హామీ ఇచ్చారు. లాభం వస్తే వాటాదారులకు, నష్టం వస్తే ఇక్కడి రైతు పన్నుకు. బీఎన్‌ఆర్ తర్వాతి తరానికి చెందినది. లైను ప్రభుత్వ ఆస్తి, నడిపేది కంపెనీ, హామీ మాత్రం ఉంది. బోర్డు కూర్చునేది లండన్‌లో. "పాత హామీ", "కొత్త హామీ" అనే తేడాను ప్రిలిమ్స్‌లో అడగవచ్చు. మెయిన్స్‌లో మాత్రం రమేశ్ చంద్ర దత్ వేసిన ప్రశ్నను గుర్తుంచుకోండి: ఇంత డబ్బు రైళ్లకు పెట్టిన ప్రభుత్వం నీటిపారుదలకు ఎందుకు పెట్టలేదు? కరువు భూముల్లో రైలు ధాన్యం మోస్తుంది, కాలువ ధాన్యం పండిస్తుంది. నా ఉద్దేశంలో ఆ ప్రశ్నకు వలస ప్రభుత్వం ఎన్నడూ సరైన సమాధానం చెప్పలేదు.

కంపెనీ ఊరు, వచ్చిన మనుషులు

20వ శతాబ్దం మొదటి ఏళ్లకు ఖరగ్‌పూర్‌లో బీఎన్‌ఆర్ పెద్ద వర్క్‌షాపు నిలబడింది. ఇంజన్లు, బోగీలు, వ్యాగన్ల మరమ్మతు అక్కడే. చుట్టూ కంపెనీ కాలనీ. ఆ కాలంలోని ఏ రైల్వే కాలనీలో చూసినా కనిపించే పద్ధతే ఇక్కడా ఉంది. విశాలమైన తోటలతో అధికారుల బంగళాలు ఒక వైపు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డుల క్వార్టర్లు మరో వైపు, వరుస గదుల్లో కూలీలు, ఖలాసీలు. జీతం, సెలవు, క్లబ్బు, ఆసుపత్రి అన్నింట్లోనూ రంగును బట్టి తేడా. "రైల్వేలు కుల భేదాలను తగ్గించాయి" అని రాసేటప్పుడు ఈ వాక్యాన్ని కూడా చేర్చండి: బోగీలో పక్కపక్కన కూర్చోబెట్టిన రైల్వే, కాలనీలో మాత్రం మనుషులను విడగొట్టింది.

ఈ పనికి మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు? బీఎన్‌ఆర్ పట్టాలు ఎంత దూరం వెళ్లాయో అంత దూరం నుంచి. ఛత్తీస్‌గఢ్, బీహార్, ఒరిస్సా, వీటితో పాటు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాలు. ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వాళ్లు వాల్తేరు లైను ఎక్కి ఉత్తరానికి వెళ్లి వర్క్‌షాపులో, లోకో షెడ్డులో, పట్టాల గ్యాంగుల్లో చేరారు. తండ్రి తర్వాత కొడుకు, అన్న వెంట తమ్ముడు, ఇలా వలస సాగింది. తరాలు గడిచినా ఖరగ్‌పూర్‌లో తెలుగు వినిపిస్తూనే ఉంది. ఊరిని "మినీ ఇండియా" అనడానికి కారణం ఇదే. వలసలంటే మనం బర్మా, మలయా, ఫిజీ, దక్షిణాఫ్రికా రాస్తాం. రైలు పట్టాల వెంట జరిగిన ఈ దేశీయ వలసను సాధారణంగా మర్చిపోతాం.

ఇదే సమయంలో సరుకు వైపు ఇంకో పెద్ద మార్పు జరిగింది. జంషెడ్జీ టాటా కలగన్న ఉక్కు కర్మాగారానికి సాక్చీని ఎంచుకోవడంలో దగ్గర్లోనే బీఎన్‌ఆర్ స్టేషన్ కాలిమాటి ఉండటం ఒక కారణం. 1912లో అక్కడ ఉక్కు తయారైంది. 1919లో కాలిమాటి స్టేషన్ పేరు టాటానగర్ అయింది. ఆ ఉక్కు కలకత్తా రేవుకు వెళ్లే దారి ఖరగ్‌పూర్ మీదుగానే. దక్షిణ కొసన విశాఖపట్నం ఓడరేవు 1933లో మొదలవడానికి కూడా బీఎన్‌ఆరే ముఖ్య కారణం. రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి కొండల మధ్యగా వేసిన లైను 1931లో పూర్తయి, మధ్య పరగణాల ఖనిజాన్ని ఆ రేవుకు చేర్చింది.

బాంబు, సమ్మె, కాల్పులు

రైలు దేశాన్ని కలిపిందని చెప్పినంత తేలిగ్గా, రైలును లక్ష్యంగా చేసుకున్న ఉద్యమం గురించి చెప్పం. 1907 డిసెంబరు 6న ఖరగ్‌పూర్‌కు దక్షిణాన ఉన్న నారాయణ్‌గఢ్ దగ్గర బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ ఆండ్రూ ఫ్రేజర్ ప్రయాణిస్తున్న రైలును పేల్చే ప్రయత్నం జరిగింది. బెంగాల్ విభజనను సమర్థించిన వారిలో ఫ్రేజర్ ఒకరు. పట్టా వంగింది, రైలు పడలేదు, ఆయన బతికాడు. ఆ తర్వాత జరిగింది ఎక్కువ గమనించదగినది. పోలీసులు పట్టాల మీద పనిచేసే కూలీలను పట్టుకొని, వారి చేత నేరం ఒప్పించి, శిక్ష వేయించారు. మరుసటి ఏడాది అలీపూర్ కుట్ర కేసు విచారణలో తెలిసింది, ఆ పని బారీంద్ర కుమార్ ఘోష్ బృందానిదని. కూలీలకు దానితో సంబంధమే లేదు. వలస పోలీసు వ్యవస్థ మీద ఎథిక్స్ పేపరులో రాయడానికి కూడా పనికొచ్చే ఉదాహరణ ఇది. 1908లో ముజఫర్‌పూర్ ఘటన తర్వాత పట్టుబడిన ఖుదీరామ్ బోస్ కూడా ఈ మేదినీపూర్ జిల్లా వాడే. అతన్ని పట్టుకున్నది కూడా ఒక రైల్వే స్టేషన్ దగ్గరే, అది బీహార్‌లోని వైనీ.

ఇక 1927. ఆ సంవత్సరం ఖరగ్‌పూర్ వర్క్‌షాపు రెండు సార్లు స్తంభించింది. ఫిబ్రవరిలో బీఎన్‌ఆర్ అంతటా సమ్మె. సెప్టెంబరులో కంపెనీ ఉద్యోగుల తొలగింపుకు దిగింది, మళ్లీ ఘర్షణ, వర్క్‌షాపు మూత. ఈ పోరాటానికి నాయకుడు ఎవరో తెలుసా? వరాహగిరి వెంకటగిరి. అప్పటి గంజాం జిల్లాలోని బరంపురంలో పుట్టి, ఐర్లండ్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చిన మన వి.వి. గిరి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఉద్యోగుల సంఘానికి, అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్యకు తొలి నాటి నాయకుడు ఆయనే. తొలగించిన కార్మికుల కోసం ఆయన నడిపిన అహింసా సమ్మెను కార్మికోద్యమ చరిత్రలో ఒక మైలురాయిగా చెబుతారు. 1969లో రాష్ట్రపతి అయిన గిరి గురించి మనం స్వతంత్ర అభ్యర్థి, ఆత్మప్రబోధ ఓటు, కాంగ్రెస్ చీలిక అని చదువుకుంటాం. ఆయన అసలు రాజకీయ పునాది ఈ రైల్వే కూలీల మధ్య పడింది.

కాల క్రమం కూడా కలిపి చూడండి. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం. 1927–28లో బీఎన్‌ఆర్, లిలువా, బొంబాయి మిల్లుల సమ్మెలు. 1929లో సమ్మెలను అదుపు చేసే ట్రేడ్ డిస్ప్యూట్స్ చట్టం, మీరట్ కుట్ర కేసు, కార్మిక పరిస్థితులపై విట్లీ కమిషన్ నియామకం. చట్టంతో ఒక చేయి చాచడం, చట్టంతోనే ఇంకో చేయి ఎత్తడం. ఈ వరుసను బట్టీ పట్టనక్కర్లేదు, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గేటు ముందు నిలబడినట్టు ఊహించుకుంటే చాలు.

స్టేషన్‌కు కొద్ది దూరంలోనే హిజ్లీ. శాసనోల్లంఘన కాలంలో జైళ్లు చాలక 1930లో అక్కడ నిర్బంధ శిబిరం పెట్టారు. 1931 సెప్టెంబరు 16న ఆయుధాలు లేని నిర్బంధితుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వారి మృతదేహాల కోసం సుభాష్ చంద్ర బోస్ హిజ్లీ వచ్చారు. కలకత్తాలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ టాగోర్ మాట్లాడారు. ఆ జిల్లాలో 1931, 1932, 1933లలో వరుసగా ముగ్గురు బ్రిటిష్ మేజిస్ట్రేట్లు, పెడీ, డగ్లస్, బర్జ్, హత్యకు గురయ్యారు. స్వాతంత్ర్యం తర్వాత ఆ శిబిరం భవనంలోనే దేశంలో మొదటి ఐఐటీ మొదలైంది. నళినీ రంజన్ సర్కార్ కమిటీ సిఫారసు, 1950లో హిజ్లీకి తరలింపు, 1956లో పార్లమెంటు చట్టం. జైలును కళాశాలగా మార్చడం మంచి చిహ్నమే. దానితో పాటు ఒక మామూలు కారణాన్నీ గుర్తుంచుకోండి. పెద్ద భవనం, ఖాళీ భూమి, పక్కనే దేశంలోని నాలుగు దిక్కులకూ రైలు ఉన్న చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

రైలు ఉండగా వచ్చిన కరువు

ఇక్కడ కొంచెం ఆగండి. 1866లో రైలు లేక జనం పోయారు, అందుకే రైలు వేశారు అని పైన చెప్పుకున్నాం. మరి 1943లో ఏం జరిగింది?

1942 అక్టోబరు 16న మేదినీపూర్ తీరాన్ని తుపాను, ఉప్పెన ముంచెత్తాయి. వేల మంది చనిపోయారు, పంట పోయింది. అంతకు రెండు వారాల ముందే, సెప్టెంబరు 29న, తమ్లుక్‌లో మాతంగినీ హజ్రా తుపాకి గుండుకు నేలకొరిగింది. డిసెంబరులో తమ్లుక్‌లో జాతీయ సర్కారు ఏర్పడింది. ఉద్యమం మీద కోపం, యుద్ధ భయం, రెండూ కలిసిన ప్రభుత్వం సహాయ చర్యల్లో ఎంత ఉదాసీనంగా ఉందో ఊహించవచ్చు. జపాన్ వాళ్ల చేతికి చిక్కకూడదని తీరంలో పడవలను, ధాన్యాన్ని తొలగించే విధానం అప్పటికే అమలులో ఉంది. మరుసటి ఏడాది బెంగాల్ కరువులో 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారని అంచనాలు. మేదినీపూర్ అతి ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి.

అప్పుడు ఖరగ్‌పూర్‌లో నాలుగు వైపుల నుంచీ రైళ్లు నడుస్తూనే ఉన్నాయి. యుద్ధ సామగ్రి వెళ్తోంది, సైనికులు వెళ్తున్నారు. ఉన్న ధాన్యం కూడా ధర ఎక్కడ ఉంటే అక్కడికి, అంటే యుద్ధ పనులతో డబ్బు తిరుగుతున్న కలకత్తాకు వెళ్లింది. 1943 మేలో తూర్పు రాష్ట్రాల మధ్య ధాన్యం వ్యాపారాన్ని స్వేచ్ఛగా వదిలితే బెంగాల్ వ్యాపారులు ఒరిస్సా, బీహార్‌ల మీద పడ్డారు. అక్కడా ధరలు పెరిగాయి, జులైకల్లా ఆ ఏర్పాటును ఎత్తేశారు. అమర్త్యసేన్ 1981లో చెప్పినది ఇదే: కరువు అంటే తిండి లేకపోవడం మాత్రమే కాదు, ఉన్న తిండిని కొనగలిగే శక్తి మనిషి చేతిలోంచి జారిపోవడం. రైలు ధాన్యాన్ని ఆకలి ఉన్న చోటుకు తీసుకెళ్లదు. ధర ఉన్న చోటుకు, లేదా ప్రభుత్వం పంపమన్న చోటుకు తీసుకెళ్తుంది. 1866ను, 1943ను పక్కపక్కన పెట్టి రాస్తే రైల్వేల మీద మీ జవాబుకు ఇంకో విమర్శ అవసరం ఉండదు.

చేతులు మారిన స్టేషన్

ఈ భాగం త్వరగా ముగిద్దాం, ఇవి గుర్తుపెట్టుకోవాల్సిన సంవత్సరాలే కానీ చర్చించాల్సినవి కావు. 1921 ఆక్‌వర్త్ కమిటీ, 1924 నుంచి వేరు రైల్వే బడ్జెట్ (2017లో సాధారణ బడ్జెట్‌లో కలిసింది). బీఎన్‌ఆర్‌ను 1944 అక్టోబరు 1న ప్రభుత్వం తీసుకుంది. 1952 ఏప్రిల్ 14న తూర్పు రైల్వేలో కలిపారు. 1955 ఆగస్టు 1న దాన్ని విడదీసి ఆగ్నేయ రైల్వే చేశారు. కేంద్రం కోల్‌కతాలోని గార్డెన్ రీచ్, ఖరగ్‌పూర్ ఒక డివిజన్ కేంద్రం. పాత బీఎన్‌ఆర్ సామ్రాజ్యం 2003లో ఇంకా చిన్నదైంది, తూర్పు కోస్తా, ఆగ్నేయ మధ్య రైల్వేలు వేరుపడ్డాయి. అయినా ఖరగ్‌పూర్ పాతవాళ్ల నోట "బీఎన్‌ఆర్" మాట పోలేదు.

ఇప్పుడు స్టేషన్‌కు వద్దాం. జీకే పుస్తకాల్లో ఖరగ్‌పూర్ అంటే ఒకటే వాక్యం ఉండేది: ప్రపంచంలో అతి పొడవైన ప్లాట్‌ఫాం. పొడవు 1,072.5 మీటర్లు. ఆ వాక్యం ఇప్పుడు చెల్లదు. 2013లో గోరఖ్‌పూర్ (1,366.33 మీటర్లు) దాన్ని దాటింది. 2023 మార్చిలో కర్ణాటకలోని హుబ్బళ్లి 1,507 మీటర్లతో మొదటి స్థానానికి వచ్చింది. కేరళలోని కొల్లం కూడా ఖరగ్‌పూర్ కంటే పొడవే. పాత మెటీరియల్ చదివేవాళ్లు ఇది దిద్దుకోండి. ఇంకో చిన్న ముచ్చట: మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుంచి 2003 వరకు టికెట్ తనిఖీ ఉద్యోగిగా పనిచేసింది ఇక్కడే. ఆయన జీవితంపై వచ్చిన సినిమాలో ఈ ప్లాట్‌ఫాం కనిపిస్తుంది.

సేవల విషయానికొస్తే ఈ స్టేషన్‌కు రెండు జీవితాలు ఉన్నాయి. ఒకటి లోకల్ రైళ్లది. హౌరా నుంచి ఖరగ్‌పూర్, మేదినీపూర్ దాకా ఈఎంయూలు రోజంతా నడుస్తాయి. కూరగాయలు, పూలు అమ్మేవాళ్లు, ఆఫీసు ఉద్యోగులు, ట్యూషన్‌కు వెళ్లే పిల్లలు వాటిలో ఉంటారు. రెండోది దూర ప్రయాణాలది. హౌరా నుంచి ముంబై వెళ్లే మెయిల్, 1977లో తరగతుల తేడా లేకుండా మొదలైన గీతాంజలి ఎక్స్‌ప్రెస్, చెన్నై మెయిల్, కోరమాండల్, సికింద్రాబాద్‌కు ఫలక్‌నుమా, హైదరాబాద్‌కు ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగుతాయి. టాటానగర్ వైపు నుంచి ఒడిశాకు వెళ్లే కొన్ని రైళ్లు మాత్రం ఖరగ్‌పూర్‌లోకి రావు. వస్తే ఇంజన్‌ను రెండో వైపుకు మార్చాలి. అందుకే పక్క లైనులో తిరిగి హిజ్లీలో ఆగుతాయి. ఐఐటీలో ఇంటర్వ్యూకో, పరీక్షకో వెళ్లేవాళ్లు టికెట్ మీద ఏ స్టేషన్ పేరు ఉందో ఒకసారి చూసుకోండి.

ఇన్ని లైన్లు కలిసే చోట రైలును సరైన పట్టా మీదకు పంపేది ఇంటర్‌లాకింగ్. సూత్రం సులభం. ఒక రైలుకు దారి కేటాయించగానే ఆ దారిలోని పాయింట్లు కదలకుండా బిగుసుకోవాలి, ఆ దారిని అడ్డుకునే మరే సిగ్నలూ పచ్చగా మారకూడదు. సిగ్నల్ చెప్పేదీ పట్టా ఉన్న తీరూ ఎప్పుడూ ఒకటే కావాలి. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ యార్డులో పాత రిలే వ్యవస్థ స్థానంలో 800 రూట్లకు సరిపోయే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు. ఆ పరిమాణంలో అది అప్పటికి చాలా పెద్దది.

ఆరేళ్లు తిరగకుండానే, 2023 జూన్ 2 సాయంత్రం, ఇదే డివిజన్‌లోని బహనాగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుకు పచ్చ సిగ్నల్ పడింది. పాయింట్లు మాత్రం లూప్ లైనుకు ఉన్నాయి. అక్కడ ఆగి ఉన్న ఇనుప ఖనిజం గూడ్సును రైలు ఢీకొంది. చెదిరిన బోగీలు పక్క లైనులో వెళ్తున్న బెంగళూరు-హౌరా రైలును తాకాయి. 290 మందికి పైగా చనిపోయారు. రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక సిగ్నల్ సర్క్యూట్‌లో గతంలో చేసిన మార్పు లోపాన్ని, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర చేసిన పనిలోని లోపాన్ని ఎత్తిచూపింది. ఇందులో మనం ఎక్కువ పట్టించుకోవాల్సింది మరొకటి. 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బాంక్‌రా నయాబాజ్ స్టేషన్‌లో తప్పు వైరింగ్ వల్ల ఇలాంటి ఘటనే జరిగింది, దాన్నుంచి నేర్చుకుని సరిదిద్ది ఉంటే బహనాగా జరిగేది కాదని ఆ నివేదిక చెప్పింది. విపత్తు నిర్వహణ, పాలనలో జవాబుదారీ అనే అంశాల మీద రాసేటప్పుడు "కవచ్ అమర్చాలి" అనే ఒక్క వాక్యంతో ఆగకండి. ప్రమాదం తప్పిన రోజున ఫైలు ఎవరు రాశారు, ఎవరు చదివారు, ఎవరు మూసేశారు అనేది కూడా అడగండి. 2010 మే 28న ఖరగ్‌పూర్‌కు పడమర, ఖేమాశులీ, సర్దిహా మధ్య జ్ఞానేశ్వరీ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి 140 మందికి పైగా పోయారు. అది విద్రోహ చర్య, కారణం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. అంతర్గత భద్రత ప్రశ్నకు అది, వ్యవస్థాగత వైఫల్యం ప్రశ్నకు ఇది.

బహనాగా మృతుల్లో ఎక్కువ మంది పని కోసం దక్షిణానికి వెళ్తున్న బెంగాల్, బీహార్, ఒడిశా వాళ్లు. నూరేళ్ల కిందట మన వాళ్లు పని కోసం ఉత్తరానికి వెళ్లిన అదే లైను ఇది. ఇప్పుడు దిశ మారింది.

అలా వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్ల కోరిక మేరకు 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఆ డిమాండ్‌కు ప్రధాన కేంద్రం ఖరగ్‌పూరే. భాషా అల్పసంఖ్యాకుల హక్కుల మీద 29, 30, 350ఏ, 350బీ అధికరణలు రాసేటప్పుడు, 345, 347 అధికరణలను కూడా పక్కన పెట్టుకుని, ఈ ఉదాహరణను వాడుకోండి.

సాధన కోసం ఒక ప్రశ్న ఇస్తున్నాను, 250 పదాల్లో ప్రయత్నించండి: "వలస పాలనలో రైల్వేలు కరువును నివారించలేదు, కరువు భూగోళాన్ని మాత్రం మార్చాయి. 1866 ఒరిస్సా, 1943 బెంగాల్ కరువుల ఆధారంగా పరిశీలించండి." రాసేటప్పుడు బోరీ బందర్‌తో మొదలుపెట్టకుండా రాయండి.